నీలి పైపు మీద ఉస్తాద్ ముడి

జూలై పదకొండు, శనివారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం, మా షెడ్డు షటర్ దించి ఉండటం.

ఐటీఐలో చేరి, ఉస్తాద్ దగ్గర కార్ల పని నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దున పూట ఆ షటర్‌ను దించి ఉండగా నేను చూడలేదు. ఎంత తొందరగా వెళ్లినా ఆయన అప్పటికే లోపల ఉండేవారు. అందుకే వానలో నిలబడి, బయట తాళం వేలాడుతున్న షటర్‌ను రెండు చేతులతో తట్టాను. లోపల ఎవరూ ఉండరని తాళం చెబుతూనే ఉంది. అయినా తట్టాను. అప్పుడే బాపు ఫోన్ చేశాడు.

"యాడున్నవ్ బిడ్డా?"

"షెడ్డు కాడ. ఉస్తాద్ ఇంకా రాలే."

"ఆడ నిలబడకు. సీదా ఉస్తాద్ ఇంటికి రా. మనిషి పోయిండు."

"ఏ మనిషి?" అన్నాను.

ఫోన్‌లో బాపు వెనకాల ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. సూరత్ డిండోలిలో మా గల్లీకి ఆయన ఇంటికి మధ్య నాలుగు మలుపులే. ఆ దారిలో నేను ఎట్లా వెళ్లానో ఇప్పటికీ గుర్తుకు రావడం లేదు.

ఉస్తాద్ తెల్లవారుజామున చాయ్ తాగుతూ గోడకు ఒరిగారట. చేతిలో గ్లాసు కింద పడలేదట. పెద్దమ్మ, అంటే ఉస్తాద్ భార్య, ఎదురుగా కూర్చుని ఆయన్ను చూస్తూనే ఉందట. కళ్లు మూసుకుని ఉంటే ఏదో బండి సప్పుడు వింటున్నాడనుకుందట. ఆయనకు ఆ అలవాటు ఉండేది. గల్లీలో ఏ డీజిల్ బండి పోయినా మాట ఆపేసి, కళ్లు మూసుకుని, అది మలుపు తిరిగేదాకా వినేవారు. అందుకే పెద్దమ్మ పలకరించలేదు. వినడం అయిపోయాక తనే కళ్లు తెరుస్తాడని ఎదురుచూసింది.

ఆయన స్మృతిలో రాయమని సూరత్‌లోని మనవాళ్లు అడిగిన ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే నా పెన్ను మళ్లీ మళ్లీ ఆ గ్లాసు దగ్గరే ఆగుతోంది.

ఆయన్ను మీలో చాలామంది ఎరుగుదురు. సిరిసిల్ల వైపు నుంచి పడుచు వయసులో సూరత్ వచ్చారు. ఊరి బయట జోల్వా కార్ఖానాల్లో గాలితో నడిచే మగ్గాలకు ఫిట్టర్‌గా చేశారు. ఆ మగ్గాల్లో పేక దారాన్ని గాలి ఒక్క ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకు విసురుతుంది. గాలి ఎక్కడైనా కాస్త కారిపోతే దారం సగంలో పడిపోతుంది. వందల మగ్గాల మోతలో ఆ చిన్న కారుడును పట్టుకోవడమే ఆయన కొలువు. తర్వాత కార్ల పని నేర్చుకుని డిండోలిలో షెడ్డు పెట్టుకున్నారు. మా బాపు ఆయనతో పాటు జోల్వాలో చేసినవాడే. "గాడ గాలే, గీడ గాలే. మీ ఉస్తాద్ గాలి పని ఇడిసిపెట్టలే" అని నవ్వేవాడు.

ఆ మాట నిజమే. ఆయన దగ్గరకు ఎక్కువగా టర్బో బాధలున్న బండ్లే వచ్చేవి. టర్బో అంటే ఏమిటో నాకు మొదటి రోజు ఇట్లా చెప్పారు. ఇంజన్ విడిచే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో పక్కన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి నెడుతుంది. గాలి ఎక్కువ అందితే బలం ఎక్కువ. కానీ ఎంత కావాలో అంతే అందాలి. మరీ ఎక్కువైతే ఇంజన్ పాడవుతుంది, తక్కువైతే బండి ఎత్తు ఎక్కదు. ఆ ఎక్కువ తక్కువలను సరిచూడటానికి ఒక చిన్న డబ్బా, దానికో కడ్డీ, ఒక సన్నటి పైపు, ఒక కరెంటు వాల్వు, గాలిని కొలిచే సెన్సారు, వీటన్నిటి మీదా కంప్యూటరు.

"ఇప్పుడు జెప్పు. బండికి దమ్ము లేదని ఒకడు అచ్చిండు. ఏం జేస్తవ్?" అన్నారు.

"టర్బో చూస్తా."

"చూస్తవ్. అందరు గట్లనే సూస్తరు. టర్బో నౌకరి చేసేది బిడ్డా. దానికి హుకుం ఇచ్చేటోళ్లు వేరే ఉన్నరు. ముందు ఆళ్లను అడుగు."

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి తెచ్చిన మనిషి తన బాధను తన మాటల్లో పూర్తిగా చెప్పేదాకా బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టెలోంచి బయటకు రాకూడదు. అతను చెప్పింది మేము ఒక్క మాట మార్చకుండా తిరిగి చెప్పాలి. అతను "గదే, గదే" అన్నాకనే బానెట్ లేచేది. ఒకసారి నేను "ఎత్తు మీద సౌండ్ వస్తోందట" అన్నాను. ఉస్తాద్ చేతిలోని పానా కింద పెట్టారు.

"సౌండ్ అంటే ఏంది? గది పేరా? బజార్ల మనిషి కనబడ్డడు అన్నట్టున్నది. ఎవలు కనబడ్డరు?"

ఆయనే ఒక్కో వేలు మడుస్తూ అడిగారు.

"బుస్సుమంటుందా, సుయ్యిమంటుందా? గరగరమంటుందా?"

ఆ రోజంతా అదే పాఠం. బుస్సుమంటే పెద్ద పైపు జాయింటు దగ్గర ఊడింది. సుయ్యిమని సన్నగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది, గాలి నిండినప్పుడే అది నోరు తెరుస్తుంది. గరగరమంటే మాత్రం టర్బో లోపల చక్రం గోడకు రాసుకుంటోంది, అప్పుడు దాని మీద చెయ్యి వెయ్యాలి. నేను హిందీ బడిలో చదువుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ వంటింట్లో నేర్పింది. అప్పటిదాకా తెలుగు నాకు ఇంట్లో తిట్టించుకునే భాష. మాట సరిగ్గా పడితే బండి రోగం దొరుకుతుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కనబడిన ప్రతి మాటనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తున్నాను. ఆ పిచ్చి ఆయన అంటించిందే.

గాలి కారుడును వెతకడానికి ఆయన దగ్గర ఒక సాధనం ఉండేది. కార్ఖానాల వాళ్లు ఊడ్చి పారేసే తెల్ల దారపు ముక్క. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, నన్ను కూర్చోబెట్టి రేస్ ఇమ్మని, పెద్ద పైపు పొడవునా మెల్లగా నడిపించేవారు. చిల్లు ఉన్నచోట దారం ఒక్కసారి తల ఊపేది. "సూశినవా? పిలుస్తుంది" అనేవారు. ఆ దారపు ముక్కలు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో చుట్టచుట్టుకుని ఉండేవి. క్లిప్పు పట్టని సన్న పైపులు ఉంటే ఆ దారమే నాలుగు చుట్లు చుట్టి, నేతవాళ్ల ముడి వేసేవారు. పోగు తెగితే సాంచా, అంటే మరమగ్గం, దగ్గర మనవాళ్లు కన్ను మూసి తెరిచేలోగా వేసే ముడి. దాన్ని ఆయన ఎడమచేతి వాటంతో వేసేవారు. చుట్లు మనందరి చుట్లకు ఎదురు దిక్కుకు తిరిగేవి.

బండి హఠాత్తుగా బలం తగ్గించుకుని, దీపం వెలిగించి, నత్తలా నడిస్తే దాన్ని లింప్ మోడ్ అంటారు. వచ్చినవాళ్లు బండిని తిట్టుకుంటూ వచ్చేవారు. ఉస్తాద్ ఒప్పుకునేవారు కాదు. "పోగు తెగితే సాంచా ఎందుకు ఆగుతది? బట్ట ఖరాబు కావద్దని. గిది గూడ గంతే. బండి మొండికెయ్యలే, పానం కాపాడుకుంటున్నది" అనేవారు. మొన్న జూన్‌లో నా కాగితాల మీద సంతకానికి వచ్చి, మా ఐటీఐ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, "నాకు గూడ లింప్ మోడ్ అచ్చింది బిడ్డా" అన్నారు. పక్కన ఉన్నవాళ్లమంతా నవ్వాం. ఆయనా నవ్వారు. చనిపోయిన రోజు సాయంత్రం తాపీ నది ఒడ్డున దహనం అయ్యాక తిరిగి వస్తుంటే ఆటోలో ఆ మాట గుర్తొచ్చింది. ఆ తర్వాత ఇంటిదాకా నాకు ఏ సప్పుడూ వినబడలేదు.

ఆయన ఎన్నో మాటలు చెప్పారు గానీ, మిగతా అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఒకటుంది. "మన చెయ్యి పడ్డ కాడ ముందు సూడు." బండి తిరిగి వస్తే, ఇదివరకు మనం విప్పింది, బిగించింది, మార్చింది ఏదో అక్కడే మొదలుపెట్టాలి. మనం ముట్టని చోట్ల తప్పు వెతకడం తేలిక, అందుకే అటు పోవద్దు అనేవారు.

ఇక ఈ స్మృతి రాయడానికి అసలు కారణమైన బండి సంగతి.

డిండోలిలో ఒక డ్రైవర్ అన్న ఉన్నాడు. ఏడుగురు కూర్చునే డీజిల్ బండిలో మనవాళ్ల కుటుంబాలను ఊళ్లకు తీసుకుపోయి తెస్తుంటాడు. కొంతకాలంగా ఆ బండి దారి మధ్యలో దమ్ము కోల్పోతోంది. కాసేపు ఆపి చల్లారాక మళ్లీ మామూలుగా నడుస్తోంది. స్కానర్‌లో ఒకటే మాట, అడిగినంత గాలి అందడం లేదని. ఉస్తాద్ పెద్ద పైపులన్నిటి మీదా దారం నడిపించారు. తల ఊపలేదు. చేతి పంపుతో డబ్బాలోని గాలి పీల్చి చూశారు. కడ్డీ చక్కగా కదిలింది. వాల్వు మార్చి చూశారు. షెడ్డులో ఏ పరీక్ష పెట్టినా బండి పాసవుతోంది. శుక్రవారం సాయంత్రం చేతులు తుడుచుకుంటూ, "మనం సల్లగున్నప్పుడు సూస్తున్నం. దానికి బాధ వేడి మీద. రేపు పొద్దున వేడి మీద సూద్దాం బిడ్డా" అన్నారు.

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. మర్నాడు పొద్దున నేను షటర్ తట్టాను.

మూడో రోజు కర్మ అయ్యాక డ్రైవర్ అన్న నా దగ్గరకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఉస్తాదే పాయె. ఇగ నా బండి ఎవలు సూస్తరు చెల్లె? బాలింతను తీసుకొని ఊరికి పోయేదున్నది. ఘాట్ల మీద దమ్ము పోతే ఎనుక నుంచి లారీలు అస్తయ్. టర్బోనే మార్పిస్త, పీడ పోతది."

"టర్బో గరగరమంటలేదన్నా. మార్చినా మళ్ల గిట్లనే అయితది. ఒక్కపారి వేడి మీద చూద్దాం."

"నీకు ఒస్తదా?"

"ఉస్తాద్ చూస్తా అన్నది గదే. ఆయన చెప్పినట్టే చేస్తా."

వస్తుందని నేను అనలేదు. నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, చెడని టర్బోను విప్పి పడేసి అసలు చెడును అట్లాగే ఉంచి, చంటిబిడ్డతో ఆ బండి ఘాట్ ఎక్కబోతోందని.

ఈ మధ్యాహ్నం వెళ్లాం. సూరత్‌లో కొండలు లేవు, ఎత్తంటే మనకు ఫ్లైఓవర్లే. అన్న నడుపుతుంటే నేను పక్కన కూర్చుని స్కానర్‌లో రెండు అంకెలు చూస్తున్నాను. కంప్యూటర్ అడుగుతున్న గాలి ఒకటి, అందుతున్న గాలి ఒకటి. ఊళ్లో ఉన్నంతసేపు రెండూ జంటగా నడిచాయి. పల్సాణా వైపు హైవే ఎక్కాం. ఇంజన్ బాగా కాగింది. ఒక వంతెన ఎక్కుతుండగా అడిగే అంకె పైకి పోయింది. ఇచ్చే అంకె సగంలో ఆగిపోయింది. దీపం వెలిగింది. వెనకాల లారీ హారన్ మోగించింది.

"గదిగో, అయిపాయె," అన్నాడు అన్న.

"పక్కకు ఆపన్నా. ఇంజన్ మాత్రం బంద్ చెయ్యకు."

బానెట్ ఎత్తితే వేడి ముఖానికి కొట్టింది. డబ్బా దగ్గర కడ్డీ కదలకుండా నిలబడి ఉంది. దానికి పోయే సన్న పైపు వెంట చూపు నడిపాను. ఇంజన్ వెనక, ఒక వంపు దగ్గర, నల్ల పైపు అయిపోయి జానెడు నీలి పైపు మొదలవుతోంది. దాన్ని అంతకుముందు చాలాసార్లు చూశాను. ఎప్పుడూ గుండ్రంగా, మెరుస్తూ ఉండేది. ఇప్పుడు నమిలి పారేసిన స్ట్రాలా రెండు గోడలూ అతుక్కుపోయి ఉంది.

ఆ నీలి పైపును నేత పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా గుర్తుపడతారు. గాలి మగ్గానికి వేసే పైపు. లోపలి నుంచి ఎంత గాలి నెట్టినా పగలదు. కానీ బండిలో ఈ సన్న పైపు పని నెట్టడం కాదు, పీల్చడం. ఇంజన్ వేడికి మెత్తబడ్డ పైపును లోపలి పీల్పు నొక్కి మూసేస్తోంది. డబ్బాకు హుకుం చేరడం లేదు, కడ్డీ కదలడం లేదు, టర్బో ఊరుకుంటోంది. షెడ్డులో చల్లగా చూస్తే అంతా బాగానే ఉంటుంది.

"సూడన్నా," అన్నాను. "ఇంజన్ బంద్ చెయ్యి."

ఇంజన్ ఆగింది. మేమిద్దరం చూస్తుండగా నీలి పైపు మెల్లమెల్లగా ఉబ్బి మళ్లీ గుండ్రంగా అయింది, ఏమీ ఎరగనట్టు.

అన్న ఆనందం పట్టలేకపోయాడు. వెంటనే కోపం కూడా వచ్చింది. "ఉధన కాడ ఒకని దగ్గర సర్వీసింగ్ చేయించిన. ఆడే పెట్టిండు ఈ దరిద్రం పైపు. రేపు పొయ్యి కాలర్ వట్టుకుంట."

నా కళ్లు పైపు చివర ఉన్న దారం మీద ఉన్నాయి. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు మురికి పట్టి చాయ్ రంగులో ఉంది, ఇన్నాళ్లూ నా కంట పడలేదు. నాలుగు చుట్లు. నేతవాళ్ల ముడి. చుట్లు ఎదురు దిక్కుకు తిరిగి ఉన్నాయి.

ఆయన పోయిన రోజు నేను నమ్మలేకపోయాను. అది ఒక రకం. ఇది ఇంకో రకం. గాలి గురించి నాకు తెలిసిందంతా నేర్పిన మనిషి, నెట్టే గాలికి చేసిన పైపును పీల్చే గాలికి వేశారు. జోల్వా ఫిట్టర్ తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. వేరే మెకానిక్ దగ్గర ఆ పైపే ఉండదు. మన చెయ్యి పడ్డ కాడ ముందు చూడమన్న ఆయనే చివరి వారమంతా దాన్ని దాటి మిగతావన్నీ వెతికారు. శుక్రవారం "వేడి మీద" అన్నప్పుడు ఆయనకు అనుమానం వచ్చిందా? తెలియదు. ఇక తెలియదు.

ఊరుకుంటే సరిపోయేది. ఆ ముడిని అన్న పట్టించుకోలేదు. ఉధనలో ఎవరో ముక్కూముఖం తెలియని మెకానిక్ రేపు నాలుగు తిట్లు తింటాడు, అంతే.

"ఆళ్లు కాదన్నా. ఇది ఉస్తాద్ చెయ్యి."

"నోరు మూస్కో చెల్లె. చితి ఇంకా సల్లారలే."

"ముడి చూడు."

అన్న కూడా నేతవాళ్ల ఇంటి కొడుకే. వంగి చూశాడు. వేలు పెట్టబోయి, కాలుతుందని తీసేసుకున్నాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లారీలు పోతున్నాయి.

"ఎలుకలు కొరికినయ్," అన్నాడు చివరకు. "మా అమ్మకు పానం బాగలేదని ఫోనొచ్చిన దినం. పండుగపూట దుకాన్లన్ని బంద్. గీ బండే దిక్కు. షెడ్డుల ఏదో పైపు తెచ్చి, కోసి, కట్టి, 'ఇగ పో' అన్నడు. పోయిన. అమ్మ మాట్లాడింది నాతోని." ముఖం తుడుచుకున్నాడు. "నేను మర్శేపోయిన చెల్లె. ఆయన గూడ మర్శిండు."

అక్కడి నుంచి నేరుగా పెద్దమ్మ దగ్గరకు వెళ్లాం. చెప్పకుండా ఆ ముడి మీద చెయ్యి వెయ్యడం నాకు చేతకాలేదు. అన్న గడప దగ్గరే నిలబడ్డాడు. నేను ఆమె పక్కన చాప మీద కూర్చుని అంతా చెప్పాను. పైపు సంగతి, ముడి సంగతి. ఆమె గోడ వైపు చూస్తూ విన్నది. ఆయన ఒరిగిన గోడ అది.

"బండి ఆగి ఎవలకన్న దెబ్బ తాకిందా?" అన్నది.

"లేదు పెద్దమ్మా."

"మంచిది." నా వైపు తిరిగి, "గీ ముచ్చట నలుగురికి చెప్తవా?" అన్నది.

"నన్ను ఆయన గురించి రాయమన్నరు. రాయాల్నా వద్దా తెలుస్తలేదు."

"ఆయన ఉంటె ఏం జేస్తుండె?"

"షెడ్డుల అందరిని పిలిచి చూపెట్టేటోడు. 'సూడుండ్రి, మీ ఉస్తాద్ ఎంత తెలివిమంతుడో' అని నవ్వేటోడు."

"మరి నన్నెందుకు అడుగుతున్నవ్?"

ఆ మాట అనేటప్పుడు ఆమె పెదవుల మీద నవ్వు లాంటిది కదిలింది, వెంటనే కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి మేకుకు ఉన్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. పెద్దకర్మ అయ్యేదాకా షెడ్డు తియ్యొద్దంటారు కదా అని గడప దగ్గర నుంచి అన్న గొణిగాడు.

"బాలింత ఘాట్ ఎక్కాల్నా వద్దా?" అన్నది పెద్దమ్మ అటు తిరగకుండానే. నాతో మాత్రం మెల్లగా, "గా ముడి ఊడదు బిడ్డా. విప్పుదామని గోర్లు ఇరగ్గొట్టుకోకు. కొయ్యి" అన్నది.

అందుకే ఇది ఇట్లా రాశాను. ఆయన గురించి మంచి మాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. మీ దగ్గర నాకంటే ఎక్కువే ఉంటాయి. కానీ ఆయన నేర్పినదాన్ని మొదటిసారి నేను ఒక్కదాన్నే ఉపయోగిస్తే దొరికింది ఆయన చెయ్యే. నాకు కోపం రావడం లేదు. ఆ పైపు ఒక కొడుకును తల్లి దగ్గరకు చేర్చింది, తర్వాత అదే బండిని వంతెన మీద ఆపింది. రెండూ ఆయన చేతి పనే. రెండింటిలో ఒకటి దాచితే మిగిలేది ఆయన కాదు.

రేపు పొద్దున దుకాణం తెరవగానే ఉధన వెళ్లి, లోపల నూలు అల్లిక ఉన్న నల్ల రబ్బరు పైపు కొంటాను. పీల్పుకూ వేడికీ నిలిచే రకమే కావాలని, ఆ మాటలే చెప్పి అడుగుతాను. అన్న బండి తెచ్చేలోగా బల్ల తుడుస్తాను. ముడికి ఒక వేలు ఇవతల నీలి పైపును కోస్తాను. ముడి ఉన్న ముక్కను స్కానర్ పక్కన మేకుకు వేలాడదీస్తాను, తర్వాత వచ్చేవాళ్లు అడిగితే చెప్పడానికి. కొత్త పైపు వేశాక మళ్లీ అదే వంతెన దాకా పోయి, ఇంజన్ ఆపకుండా బానెట్ ఎత్తి, ఈసారి నా చెయ్యి పడ్డ చోట ముందు చూస్తాను.

తాళంచెవి ఇప్పుడు నా దిండు కింద ఉంది. లోపల ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా రేపు షటర్ ఎత్తే ముందు ఒకసారి తడతాను.